అక్కడికి మాత్రం వెళ్ళకండి

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, తూర్పు చివర జంతువులు వానకి తడిసి ముద్దవుతుంటే, పడమటి చివర జంతువులు వానలు లేవని సభ పెట్టుకునేవి. చుట్టుపక్కల చిన్న అడవులన్నీ దాన్ని మహానగరం లెక్కన చూసేవి. చలికాలం వచ్చిందంటే చాలు, ఉత్తరం నుంచి బాతులూ, పక్క కొండల నుంచి మేకలూ గొర్రెలూ పిల్లాపాపలతో దిగిపోయేవి. అన్నీ చూసి వచ్చామని తమ వాళ్ళ దగ్గర చెప్పుకోవాలని వాటికి మహా ఆశ.

వచ్చినవాళ్ళకి దారీతెన్నూ చెప్పడానికి అడవి మొగదల ఒక మద్దిచెట్టు కొమ్మను ప్రభుత్వం కేటాయించింది. దాన్ని విచారణ కొమ్మ అనేవారు. ఆ కొమ్మ మీద ఉద్యోగం మంగతాయి అనే గోరువంకది. ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఏం కొనుక్కోవాలి అన్నది చెప్పడం ఆమె పని. ఏం చెప్పాలో నిర్ణయించడం మాత్రం అతిథి మర్యాదల మండలి పని.

మండలికి అధ్యక్షుడు గంగరాజు అనే అడవిదున్న. ఉద్యోగంలో చేరిన రోజే మంగతాయిని పిలిపించి చెప్పాడు.

"చూడ్డానికి మృగరాజు గారి గుహ. తినడానికి మా బావమరిది భోజనశాల. కొనడానికి కోతుల బజారు. ఇంకేమున్నాయని ఎవరైనా అడిగితే, ఏమీ లేవని చెప్పు."

మంగతాయి అలాగే చెప్పేది. మృగరాజు గారు ఎప్పుడూ గుహలో నిద్రలోనే ఉండేవారు. బయటికి కనబడేది తోక ఒక్కటే. అందుకని ఆ కార్యక్రమానికి తోక దర్శనం అని పేరు పెట్టారు. బావమరిది కూడా దున్నే. అతని భోజనశాలలో గడ్డిని ముచ్చటగా జడలల్లి పెట్టేవారు. దాన్ని విప్పి తినడానికి మనసొప్పేది కాదు. తిన్నాక ఇంకెప్పుడూ ఒప్పేది కాదు. కోతుల బజారులో ఏనుగు తొక్కిన రాళ్ళు దొరికేవి. ఆ అడవిలో ఏనుగు తొక్కని రాయంటూ లేదు గనక సరుక్కి లోటుండేది కాదు.

"శుభ్రమైన చోట్లండీ. మర్యాదగా చూస్తారు. అందరికీ నచ్చుతాయి. మండలివారు ప్రత్యేకంగా సిఫారసు చేశారు" అని మంగతాయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వల్లించేది. అతిథులు వినేవారు, తలూపేవారు, అటువైపు నాలుగడుగులు వేసి ఇంకెటో వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఉత్తరం నుంచి వచ్చిన ముసలి బాతు ఒకావిడ కొమ్మ కింద నిలబడి అంతా ఓపిగ్గా విన్నది. విని, "అవన్నీ సరేనమ్మాయీ. పని దిగాక నువ్వెక్కడ తింటావు?" అంది.

ఆ ప్రశ్న మంగతాయిని అంతవరకూ ఎవరూ అడగలేదు. మండలివారు దానికి జవాబు నేర్పనూ లేదు. "వాగు మలుపులో పేరిందేవమ్మ పిన్ని పాకలో" అనేసింది.

పేరిందేవమ్మ ముళ్ళపంది. మంగతాయి రెక్కలు రాని పిల్లగా ఉన్నప్పుడు గాలివానకి గూడు పడిపోతే, ఏరుకొచ్చి తిండిపెట్టి పెంచింది ఆవిడే. ఎండకి కాగిన ఇసకలో అడవి దుంపలు మగ్గబెట్టి, చింతచిగురు నూరి, మోదుగాకులో వడ్డించేది. ఎవరు వచ్చినా ఆకలి సంగతి తరవాత, ముందు "కాళ్ళు లాగుతున్నాయా నాయనా?" అని అడిగేది. ఎవరికీ గుచ్చుకోకూడదని ముళ్ళు ఒంటికి అణిచిపెట్టుకుని నడిచేది.

ముసలి బాతు వెళ్ళి తిన్నది. తిని ఊరుకోలేదు. ఈ అడవివాళ్ళే తినే చోటు కనిపెట్టానని గుంపంతటికీ చెప్పింది. మూడో పూటకి పాక ముందు వాగు దాకా వరస.

పేరిందేవమ్మకి చెయ్యి ఆడలేదు. సాయంత్రం మంగతాయిని పక్కకి లాగి, "అమ్మడూ, నీ నోరు కాస్త కట్టిపెట్టుకోవే. మన కుందేలు తాత వరసలో నిలబడి నిలబడి తినకుండానే ఇంటికెళ్ళాడు. ఆయన మొహం చూడలేకపోయాను" అంది.

"నేను ఒక్కరికే చెప్పాను పిన్నీ!"

"ఆ ఒక్కరికీ బంధువులుండరా?"

మర్నాడు పొద్దున్నే గంగరాజు విచారణ కొమ్మ కిందికి వచ్చాడు. "మా బావమరిది అల్లిన గడ్డి అల్లినట్టే ఉండిపోతోంది. చివరికి వాడే తినాల్సొస్తోంది. నిన్న వాంతి కూడా చేసుకున్నాడు. ఇవాళ్టి నుంచీ ఆ ముసలిదాని పాక గురించి చెడ్డగా చెప్పు. ఇది ఉత్తర్వు."

ఉద్యోగంలో చేరాక ఉత్తర్వూ తన మనసూ ఒక్కటి కావడం మంగతాయికి అదే మొదటిసారి. సంతోషంగా తలూపింది.

కాసేపటికి మేకల గుంపొకటి వచ్చి, వాగు మలుపుకి దారెటని అడిగింది.

"అక్కడికి మాత్రం వెళ్ళకండి" అంది మంగతాయి. "కూర్చోడానికి చోటుండదు. ముళ్ళు గుచ్చుకుంటాయి. పైగా ఆవిడ తిడుతుంది."

ముందున్న మేకపోతు చెవులు నిక్కించాడు. "తిడుతుందా? మొహం మీదే?"

"మొహం మీదే."

"ఒరే, అందరూ ఇటు రండ్రా!" అని మేకపోతు వెనక్కి కేకేశాడు. "అసలైన చోటు దొరికింది!"

ఆ రోజు వరస వాగు దాటింది. కానీ వచ్చినవాళ్ళకి పాకలో నిరాశే ఎదురైంది. పేరిందేవమ్మ యథాప్రకారం కాళ్ళు లాగుతున్నాయా అని అడిగింది. మేకపోతు మొహం చిన్నబుచ్చుకుని, "ఇంత దూరం వచ్చింది ఇందుకా?" అన్నాడు. ఒక ఆడమేకకైతే కళ్ళనీళ్ళే వచ్చాయి. "మేం తిట్లు తినడానికి కూడా పనికిరామనుకుంటున్నారా పెద్దమ్మా?" అంది.

ఎలాగైనా వదిలించుకుంటే చాలనుకుని పేరిందేవమ్మ మొహమాటపడుతూ, "నీ మొహం మండ, తిని అవతలికి పో" అంది. అని మనసులో క్షమాపణ చెప్పుకుంది. మేకలు పొంగిపోయాయి. ఒకదానికి ఏ తిట్టు వచ్చిందో ఇంకోదానికి చెప్పుకుంటూ వెళ్ళి, మర్నాడు పినతల్లి పిల్లల్నీ మేనత్త పిల్లల్నీ పంపించాయి.

ఈ వార్త విని గంగరాజు మండలిని అత్యవసరంగా సమావేశపరిచాడు. "మనం ఇన్నాళ్ళూ మర్యాద చేసి చెడిపోయాం" అని చెప్పాడు. ఇకపై అన్ని చోట్లా అమర్యాద పాటించాలని తీర్మానం అయింది. వ్యతిరేకించినవాళ్ళు లేరు.

బావమరిది వడ్డించిన గడ్డిని తొక్కి ఇవ్వడం మొదలుపెట్టాడు. జనం ఎగబడ్డారు. కోతులు అమ్మిన రాయిని కొన్నవాడి దగ్గర్నుంచే లాక్కుని మళ్ళీ అమ్మసాగాయి. జనం మళ్ళీ కొన్నారు. "ఇక్కడి బజారులో ప్రాణం ఉంది" అని ఒక గొర్రె మెచ్చుకుంది.

మిగిలింది మృగరాజు గారు. గంగరాజు గుహ దగ్గరికి వెళ్ళి, తమరు రోజుకొక్కసారి లేచి కాస్త గర్జిస్తే బాగుంటుందని విన్నవించుకున్నాడు. మృగరాజు గారు సరేనని లేచారు. లేచాక ఆయనకి గర్జన కంటే ముందు ఆకలి గుర్తొచ్చింది. ముందు వరసలో నిలబడి తోక కోసం చూస్తున్న గొర్రెని తినేసి, మళ్ళీ పడుకున్నారు.

మండలి వణికిపోయింది. ఇక అతిథులెవరూ రారని గంగరాజు ఆ రోజు మేత ముట్టలేదు. తెల్లారేసరికి గుహ ముందు రెండింతల వరస. పోయిన గొర్రె బావగారు ఆ వరసలోనే నిలబడి, "అందరూ బయటి నుంచి చూసి వెళ్ళేవాళ్ళే. మావాడు లోపలి దాకా చూశాడు" అని పక్కవాళ్ళకి చెబుతున్నాడు.

ధైర్యం తెచ్చుకున్న గంగరాజు పేరిందేవమ్మ పాకకి వచ్చాడు. "తిట్లు పాతబడ్డాయమ్మా. అతిథులు ముళ్ళు అడుగుతున్నారు. విసురు."

"ముళ్ళా? ఒకరికి గుచ్చుకుంటే ఎలా బాబూ?"

"గుచ్చుకోవాలనే కదా వస్తున్నారు. నీ వల్ల కాదంటే చెప్పు, పాక మా బావమరిదికి అప్పగిస్తాం."

ఆ సాయంత్రం గుంపు పాకలోకి తోసుకొచ్చింది. వెనకనుంచి ఎవరో ఈవిడ తిట్లు తగ్గించేసిందని అరిచారు. దుంపల ఆకు నేలపాలైంది. పేరిందేవమ్మకి ఒళ్ళు మండి ముళ్ళు లేచి నిలబడ్డాయి. ఒక ముల్లు వెళ్ళి, మొదట వచ్చిన ఆ ముసలి బాతు రెక్కలో దిగింది.

జనం రెక్కలూ కాళ్ళూ ఆడిస్తూ కేరింతలు కొట్టారు. పేరిందేవమ్మ పరిగెత్తుకెళ్ళి ముల్లు తీయబోయింది. బాతు రెక్క వెనక్కి లాక్కుంది.

"తియ్యకమ్మా. ఇంటికి తీసుకెళ్ళి మావాళ్ళకి చూపిస్తాను" అంది. నొప్పికి మూలుగుతూనే, ముల్లు అందరికీ కనబడేలా రెక్క ఎత్తి పట్టుకుంది.

అందరూ వెళ్ళాక మంగతాయి పాకకి వచ్చింది. పేరిందేవమ్మ గోడ వైపు తిరిగి కూర్చునుంది.

"పిన్నీ."

"వరసలో నిలబడు! కళ్ళు కనబడ్డంలేదూ?"

పేరిందేవమ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది. "నువ్వా అమ్మడూ" అంది. "నోటికి అలవాటైపోయిందే. ఏం చెయ్యను?"

మంగతాయి ఏమీ తినకుండా తిరిగొచ్చింది. దారంతా ఒకటే ఆలోచన. ఈ పాక మీదికి మొదట జనాన్ని తోలింది తను. తిట్టి వాళ్ళని రెట్టింపు చేసిందీ తనే. మరి జనం కాలు పెట్టని చోటు ఈ అడవిలో ఏదైనా ఉండేదా? ఉండేది. ఆ బావమరిది భోజనశాల గురించి తను మొదట్లో ఏమని చెప్పేది?

తెల్లవారగానే కొమ్మ ఎక్కి, వచ్చినవాళ్ళకి నోరారా చెప్పింది. దాదాపు అంతా నిజమే.

"వాగు మలుపులో పేరిందేవమ్మ గారి పాకండీ. చాలా శుభ్రమైన చోటు. ఆవిడ ఎంతో మర్యాదస్తురాలు. ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. అందరికీ నచ్చుతుంది."

మేకలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"అందరికీనా?" అంది ఒకటి, అనుమానంగా.

"అందరికీ. మండలివారు ప్రత్యేకంగా సిఫారసు చేశారు."

"అలాంటివి మా కొండ మీద కూడా ఉన్నాయిలే" అని మేకలు గుహ వైపు నడిచాయి.

కొద్దిరోజుల్లో వరస వాగుకి ఇవతలికి వచ్చింది, తరవాత పాక గుమ్మం దాకా తగ్గింది, తరవాత లేదు. గంగరాజు రుసరుసలాడుతూ కొమ్మ కిందికి వచ్చాడు.

"ఆ ముసలిదాన్ని పొగుడుతున్నావట!"

"మండలి పేరు చెప్పే పొగుడుతున్నానండి."

పొగడ్తలో తప్పు ఎక్కడుందో గంగరాజుకి ఎంత వెతికినా దొరకలేదు. "మరి మా బావమరిదిని ఎందుకు పొగడవు? వాడేం పాపం చేశాడు?"

"తమరు ఆజ్ఞాపిస్తే ఇప్పట్నుంచే పొగుడుతానండి."

గంగరాజు ఆజ్ఞాపించాడు.

వారం తిరిగేసరికి బావమరిది మళ్ళీ తన గడ్డి తనే తింటున్నాడు. వాగు మలుపులో కుందేలు తాతా, మంగతాయీ, ఇంకో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళూ ఆకులు వేసుకుని కూర్చున్నారు. పేరిందేవమ్మ తాత ఆకులో దుంప వేసి, "తిను!" అని గద్దించింది. తాత ఉలిక్కిపడ్డాడు. ఆవిడ నాలిక కరుచుకుని, గొంతు సవరించుకుని, ఆ మాటే ఇంకోసారి మెల్లగా అని చూసుకుంది. పర్వాలేదనిపించింది కాబోలు, రెండో దుంప కూడా వేసింది.

నీతి: మనకి నచ్చిన చోటు మనకే మిగలాలంటే, దాన్ని అధికారికంగా మెచ్చుకోవాలి.