గోడకవతల మాట

ఖైదీలకూ వారి కుటుంబాలకూ మధ్య ఉన్న దూరాన్ని శాశ్వతంగా రద్దు చేశామని మా ఊరి జైలు పెద్దదొర ప్రకటించాడు. ఇకపై ఎవరూ పడవెక్కి, దారంతా వాంతులు చేసుకుంటూ రానక్కర్లేదు. ఇంట్లోనే కూర్చుని తెర మీద తమవాళ్లను చూసుకోవచ్చు. అందుకని ముఖాముఖి ములాఖత్తులు ఆపేశారు.

ఈ శుభవార్త ఉనైసికి అందలేదు. ఫిజీలో ఆమె ఉండే చిన్న దీవిలో ఫోను పలకాలంటే కొబ్బరిచెట్టెక్కాలి. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు. కాబట్టి సరుకుల పడవలోనే వచ్చింది.

ఆమె కొడుకు ఇలైటియా ఎవరిదో పడవ ఇంజను పోయిన కేసులో లోపలున్నాడు. విచారణ మొదలు కాలేదు గనుక చట్టం దృష్టిలో నిర్దోషి. ఆ గౌరవంతోనే నెలలు గడిచినా అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఈలోగా అతనికి కూతురు పుట్టింది. పేరు తండ్రే చెప్పాలి. ఆదివారం బాప్తిస్మం.

గేటు దగ్గర సార్జెంటు విలికేసా మర్యాదగానే చెప్పాడు.

"ఇదంతా మీ మంచికే పెద్దమ్మా. ఇంటికెళ్లి, అక్కణ్నుంచి మాట్లాడండి."

"ఇక్కడే ఉన్నాను కదా నాయనా."

"మీరిక్కడుంటే దూరం ఎట్లా తగ్గించేది?"

ఆమె ఎండలో అలాగే నిలబడింది. చివరికి సార్జెంటుకే మనసొప్పక, జైలులోనే ఉన్న యంత్రం ముందు కూర్చోబెట్టాడు. ఇలైటియాను పక్కగదిలో రెండో యంత్రం ముందు కూర్చోబెట్టారు. నడుమ ఒక చెక్కగోడ.

తెర మీద ఒక చెవి, కాస్త నుదురు కనబడి అలాగే బిగుసుకుపోయాయి. ఉనైసి ఆ చెవితో చాలాసేపు మాట్లాడింది. అది పలకలేదు. చివరికి గోడ వైపు తిరిగింది.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఇందులో నీ జుట్టొక్కటే కనబడుతోంది."

"ఆడపిల్లరా. పేరు చెప్పు."

అవతల మాట ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ వాడు చప్పుడు లేకుండానే ఏడుస్తాడు. ఉనైసి చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"నీ పేరే పెట్టమ్మా. మొండిదవుతుంది, బతికేస్తుంది."

"నా మొండితనం దానికెందుకురా," అంది ఉనైసి.

గోడల ద్వారా మాట్లాడుకోవడం నిషిద్ధం. సార్జెంటు కిటికీ వైపు తిరిగి సముద్రాన్ని శ్రద్ధగా గమనించాడు. తరువాత, మాటలు స్పష్టంగా వినిపించాయని పైకి నివేదించాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదివారం దీవిలో ఇంకో ఉనైసి చర్చి దద్దరిల్లేలా ఏడ్చింది.

దేశంలో ఏ జైలులోనూ వినపడని మాట ఇక్కడెలా వినపడిందో చూసి రమ్మని రాజధాని నుంచి నిపుణులను పంపారు. వాళ్లు వచ్చి, యంత్రాన్ని మెచ్చుకుని, గోడను కనిపెట్టారు. వెంటనే చెక్క తీయించి కాంక్రీటు పోయించారు.

ఊళ్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఇంకా గేటు దాకా వచ్చి ఎండలో నిలబడే ఆడవాళ్లు కూర్చోవడానికి నీడలో ఒక బల్ల వేస్తామని జైలువాళ్లు అన్నప్పుడు మాత్రం, ప్రజాధనం ఏమైపోతోందని మనమంతా వీధికెక్కాం.