రెండు ప్రీయాంపులు, ఒక కూత

ఆ ఉదయం రఘునాథ్ వేసుకున్న పథకం చిన్నదే. పోలమ్మ గొంతును రెండు ప్రీయాంపుల మీద రికార్డు చేయాలి, పోల్చి చూడాలి, మెరుగైనదాన్ని ఆమె భర్త సుబ్బన్న ఫోన్లో వేసి పంపాలి. మైకు నుంచి సన్నగా వచ్చే శబ్దాన్ని రికార్డింగుకు తగినట్టు పెంచే డబ్బాలవి. పాతది రఘునాథ్ సొంతం. కొత్తది బెంగళూరు మిత్రుడు వాడి చూడమని పంపాడు.

లింగాల నుంచి గొర్రెలను మేపుకుంటూ వచ్చిన ఆ దంపతులు, ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కనున్న మేడమీది రఘునాథ్ స్టూడియో మెట్లెక్కారు. మర్నాడు కడపలో పోలమ్మకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

"ఈమె కూత పోతే గొర్లు నా మాట ఇనవప్పా. వాటి కోసరమే ఇదంతా," అన్నాడు సుబ్బన్న గోడ వైపు చూస్తూ.

"నీ మాట నేనే ఇనను. అవేమింటాయి?" అంది పోలమ్మ.

"ఇప్పుడు గొర్లు యాడుండాయి మామా?" అని అడిగాడు రఘునాథ్.

"రోడ్డుకు ఆ పక్క ఖాళీ జాగాలో ఇడిసినా. ఈమె కూత ఇనపడకుంటే అడుగు కదపవు."

ఎవరైనా బాధ చెప్పుకుంటే రఘునాథ్‌కు బదులు తోచదు. అతని చేతులు ఏదో ఒక మీటను వెతుక్కుంటాయి. కిటికీ మూసి పోలమ్మను మైకు ముందు నిలబెట్టాడు. "అర్ర్ర్... హోయ్... దా, దా, దా!" అని ఆమె పాత డబ్బాకొకసారి, కొత్త డబ్బాకొకసారి కూత పెట్టింది.

ఉక్కపోతకు కిటికీ తెరిచి, రెండింటినీ పెద్ద స్పీకర్లలో విన్నాడు. పాతదానిలో ఆమె చెవి పక్కనే నిలబడి పిలిచినట్టుంది. కొత్తదానిలో గొంతులోని జీర కూడా దాగలేదు. దగ్గరితనం కావాలా, నిజం కావాలా? మళ్లీ పాతది పెట్టాడు. మళ్లీ కొత్తది. రోడ్డు మీద హారన్లు మోగాయి. ఎర్రగుంట్ల సిమెంటు లారీలకు అది మామూలే అనుకున్నాడు.

కింద టైలరింగ్ కొట్టు నడిపే షాహీదాబీ మెట్ల మీద నుంచి అరిచింది. "రఘూ, ఆపు! ఇంగ పెట్టొద్దు!"

"ఇదొక్కటి ఇననీ అక్కా!" అని, తేడా పట్టుబడక శబ్దం ఇంకాస్త పెంచాడు. అయినా తేలలేదు. "అత్తా, ఇంకొక్కసారి పిలువు."

"గొంతు అలిసిపోతాందప్పా," అన్నాడు సుబ్బన్న మెల్లగా.

రఘునాథ్ రికార్డింగ్ మీట నొక్కాడు. పోలమ్మ నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. ఒక పొట్టేలు లోపలికి వచ్చి, నేరుగా ఆమె దగ్గరికి పోయి, మైకును వాసన చూసింది. దాని వెనక మెట్ల నిండా మంద.

"పెండ్లికూతురి రవికె నములుతాందిరా!" కింద నుంచి షాహీదాబీ కేక.

పోలమ్మ భర్త వైపు తిరిగింది. "మతి లేనోడా! మందను ఒంటిగా ఇడిసొచ్చి ఈడ కూతలింటాండావా? రేపు నేను ఆసుపత్రిలో పండుకుంటే నీకు కూడెవరు పెడతారు? ఈ పొట్టేలా?" అని, ఆపుకోలేక నవ్వేసింది.

ఆమె మెట్లు దిగగానే మంద ఆమె వెంట దిగింది. షాహీదాబీ కొలకర్ర ఎత్తి లారీలను ఆపి, రోడ్డు దాటించింది.

రఘునాథ్ సిగ్గుపడుతూ, ఈసారి కిటికీ మూసి సుబ్బన్నకు రెండు కూతలూ వినిపించాడు. ఆ గోలలో ఎవరూ ఆపకపోవడంతో అంతా పట్టుకున్న మూడో రికార్డింగు, వాటి వెంటే తనంతట తానే స్పీకర్లలో మోగింది. హారన్లు, గొర్రెల అరుపులు, తిట్లు, చివర నవ్వు.

"ఇదెయ్యప్పా."

"దీంట్లో కూత లేదు మామా. గొర్లు రావు."

"వాటికి ఇంకేదో నేర్పిచ్చుకుంటాలే." సుబ్బన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇది నాకు."

రఘునాథ్ చేతులు కాసేపు ఏ మీటనూ వెతకలేదు. "అత్త బాగయి వస్తుంది మామా," అన్నాడు. ఆ తర్వాతే ఫోన్లో వేసిచ్చాడు.

తిరిగివచ్చిన పోలమ్మ గుమ్మంలో నిలబడింది. "మనిషిని ఈడ పెట్టుకోని ఆ ఫోన్లో నాతో ఏంది పని?"

సుబ్బన్న ఫోను చెవికి ఆనించుకున్నాడు. "ఉండు. ఇంటాండా."

ఆమె మళ్లీ తిట్లు అందుకుంది. ఇద్దరు పోలమ్మల తిట్లూ కలిసి మెట్లు దిగాయి. ఏది ఎక్కువ స్పష్టంగా ఉందో రఘునాథ్ పోల్చి చూడలేదు.