అరవై అయిదో పేజీ

తొలిసారి అచ్చయిన నాటికి యెరొఫేయ్ ప్రొఖోరిచ్ చేతిలో తొంభై ఆరు పేజీలు, ధాన్యం కొట్టులో కాటా గుమాస్తా ఉద్యోగం, ఆఖరి పేజీలో ఒక చావు ఉన్నాయి. నూట అరవై ఏళ్ల తర్వాత, తన రష్యన్ నవలిక పదకొండో ముద్రణకు అంగీకార పత్రం మీద సంతకం పెట్టడానికి ఆయన విజయవాడలో రైలు దిగాడు.

ఇందులో విశేషమేమీ లేదు. ఏ నవలికనైనా మళ్లీ అచ్చు వేయాలంటే అందులోని ముఖ్యపాత్ర స్వయంగా హాజరై, చేయబోయే మార్పులు చదివించుకుని, అభ్యంతరం లేదని రాసివ్వాలి. రాని పాత్రలున్నాయి. అవి ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. యెరొఫేయ్ మాత్రం ప్రతిసారీ వచ్చాడు.

రెండో ముద్రణప్పుడు సెన్సారు అధికారి, కథలో కరువుందనీ, ఆ ఏడు కరువొచ్చినట్టు ప్రభుత్వం ప్రకటించలేదనీ చెప్పి తొమ్మిది పేజీలు తీసుకున్నాడు. రాజ్యం మారాక దేవుడి పేరున్న పద్నాలుగు చోట్లా పంట దిగుబడి వివరాలు పడ్డాయి. ఆరో ముద్రణలో కొట్టు గోడకు నాయకుడి పటం తగిలించారు; ఎనిమిదో ముద్రణలో పటం దించారు, మేకు ఉంచేశారు. తొమ్మిదోది మొదటి తెలుగు ముద్రణ. మన వాతావరణానికి అంత మంచు అక్కర్లేదని అందులో మూడు పేజీల మంచు తగ్గించారు. అన్నింటికీ ఆయన సంతకం పెట్టాడు. ప్రతిసారీ ఒకటే షరతు: ఆఖరి పేజీ జోలికి రాకూడదు.

ఆ పేజీలో జరిగేది చిన్న సంగతే. రైతులు తెచ్చిన గోధుమలు తూస్తుండగా యజమాని అందరి ముందూ "తూకం సరిపోయిందా?" అని అడుగుతాడు. యెరొఫేయ్, "లేదు, మన కాటా బస్తాకు మూడు వీశెలు తక్కువ చూపిస్తోంది" అంటాడు. సాయంత్రానికి ఆయన మీద బస్తాల నిట్టు కూలుతుంది. పుస్తకం అయిపోతుంది.

ప్రచురణకర్త మాజేటి పాండురంగయ్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. పక్కనే అనువాదకురాలు సంపూర్ణ ప్రూఫులు పట్టుకుని కూర్చుంది. యెరొఫేయ్ మాట్లాడే తెలుగు ఆమె రాసిందే కాబట్టి ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఆమెకు తన తప్పులు వినిపించేవి.

"మొత్తం అరవై అయిదు పేజీలొచ్చిందండి," అన్నాడు పాండురంగయ్య. "ఫారానికి పదహారు పేజీలు. నాలుగు ఫారాలకు అరవై నాలుగు. మీరు చచ్చిపోయే పేజీ ఒక్కటీ అయిదో ఫారంలో పడింది. గ్రంథాలయాల కొనుగోలు కమిటీ నాలుగు ఫారాలు దాటితే తీసుకోదు. వాళ్లు తీసుకోకపోతే నేను వేయను."

"అక్షరం సైజు తగ్గిద్దాం బాబాయ్‌గారూ," అంది సంపూర్ణ.

"కమిటీ చెప్పిన సైజే ఉండాలమ్మాయ్."

"ముందుమాట ఆరు పేజీలుంది. అందులో ఒక్క పేజీ తీయండి."

"అది రాసిందెవరనుకున్నావ్? కమిటీ చైర్మన్‌గారు. ఆయన ముందుమాట తీసి ఈయన చావు ఉంచానంటే, తర్వాత ఎవరి చావుకొస్తుందో నువ్వే ఆలోచించుకో."

యెరొఫేయ్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అయ్యా, కరువు ఇచ్చాను. దేవుణ్ణి ఇచ్చాను. మంచు ఇచ్చాను. ఈ ఒక్క పేజీ దక్కుతుందనే ఇచ్చాను. ఇది లేకపోతే నేనెందుకు వచ్చినట్టు?"

"నేను మీ ప్రాణం తీస్తున్నానా ఏంటండీ, పోస్తున్నాను!" పాండురంగయ్య నొచ్చుకున్నాడు. "నూట అరవై ఏళ్లుగా చస్తూనే ఉన్నారు. ఒక్కసారి మానేసి చూడండి. నచ్చకపోతే పన్నెండో ముద్రణలో మళ్లీ చద్దురుగాని."

యెరొఫేయ్ సంపూర్ణ వైపు చూశాడు. ఆమె చాలాసేపు ప్రూఫు కాగితాలు సర్దింది.

"వేయకపోతే ఏమవుతుందమ్మా?" అని అడిగాడు.

"పాత ప్రతులు నాలుగే ఉన్నాయండీ. రెండింటికి చెదలు పట్టింది," అంది ఆమె.

ఆయన కలం అడిగి తీసుకున్నాడు. సంతకం ఎప్పటిలాగే పొందికగా వచ్చింది.

అయితే ఫారం కట్టేముందు ఒక చిక్కు తేలింది. ఈ కూర్పులో యజమాని ప్రశ్న ముందు పేజీలోకి జరిగింది; అరవై నాలుగో పేజీ దాంతోనే ఆగింది, దాని కింద ఒక వరుస ఖాళీ మిగిలింది. ప్రశ్నతో ముగిసే పుస్తకాలు పాఠకుల్ని అయోమయంలో పడేస్తాయని కమిటీ వాటిని తిప్పి పంపుతుంది. ఆ వరుసలో ఏదో ఒక జవాబు పడాలి. నియమం ప్రకారం పాత్ర మాట పాత్రే చెప్పాలి.

"ఎంత చోటుందమ్మా?" అన్నాడు యెరొఫేయ్.

"రెండు మూడు మాటలు పడతాయి."

"'లేదు' అనొచ్చుగా. చిన్న మాటే."

"లేదంటే తర్వాత ఏం జరిగిందో చెప్పాలండీ. దానికి చోటు లేదు."

ఆయన కాసేపు కిటికీలోంచి ఏలూరు రోడ్డు మీద పోయే లారీల్ని చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆమె ఎన్నడూ రాయని తెలుగులో, చక్కగా, తడబడకుండా చెప్పాడు:

"సరిపోయిందండి అయ్యగారూ."

సంపూర్ణ ఆ మాట రాసుకుంది. ప్రూఫులో తప్పు ఒక్కటీ దొర్లలేదు.

కమిటీ పన్నెండు వందల ప్రతులు తీసుకుంది. పాఠకుల నుంచి పదిహేడు ఉత్తరాలొచ్చాయి. సుఖాంతమైన రష్యన్ పుస్తకం ఇన్నాళ్లకు చదివామని పదహారు మంది రాశారు. పదిహేడో ఆయన ముందుమాటను మెచ్చుకున్నాడు.

ప్రాణంతో మిగిలిన మనిషికి బతుకుతెరువు కావాలి. పాండురంగయ్యే ఎవరితోనో చెప్పి ఆయన్ని దగ్గర్లోని మార్కెట్ యార్డులో కాటా దగ్గర పెట్టించాడు. అనుభవం ఉన్నవాడని యార్డు వారు మారుమాట లేకుండా తీసుకున్నారు. పొద్దున ఏడింటికి వస్తాడు, బస్తాలు ఎక్కించుకుంటాడు, అంకె పైకి చదువుతాడు. సంపూర్ణ ఒకసారి చూడ్డానికి వెళ్తే, ఒళ్లు చేశాడనీ, తెలుగు బాగా పట్టుబడిందనీ వచ్చి చెప్పింది.

మొత్తం మీద పోయింది ఒక పేజీ. వచ్చింది ఒక నిండు ప్రాణం, నీడపట్టున ఉద్యోగం, అందరితో మంచి. తూకం సరిపోయిందా అని రైతులు రోజూ అడుగుతారు, ఆయన సరిపోయిందంటాడు. మళ్లీ తూచమని ఇంతవరకు ఎవరూ అనలేదు.