కుర్చీ వయసు

నేల మీద చతికిలబడ్డ మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టడాన్నే నాగరికత అంటారు. పురావస్తు శాఖ ఈ పనిని ఒక్కో ఉద్యోగి విషయంలో ముప్పయ్యేళ్లలో పూర్తిచేస్తుంది.

తవ్వకాల సారు ఆ ముప్పయ్యేళ్లూ గోతుల్లో గొంతుక్కూర్చుని కుండపెంకుల మీద మట్టి దులిపారు. మోకాళ్లు రెండూ మొరాయించాక శాఖ కరుణించి ఆయన్ని మ్యూజియం డైరెక్టరుగా వేసింది.

"ఇకనైనా కాస్త కూర్చుంటారు కదా," అంది భార్య, మోకాళ్లకు పట్టీలు చుడుతూ.

"కూర్చోవడమే ఉద్యోగమట."

అక్షరాలా అంతే. కొత్త డైరెక్టరు మొదటిరోజు సాయంత్రం అయిదులోగా డైరెక్టరు కుర్చీలో కూర్చుని, సాక్షి ఎదుట సంతకం పెట్టాలి. లేకపోతే నియామకం రద్దు. (నిలబడి చేసిన సంతకాన్ని శాఖ చేతిరాతగా మాత్రమే గుర్తిస్తుంది.)

సాక్షిగా ఆసనాల అధికారి వచ్చారు, అయిదుకి కాస్త ముందు. సారు కూర్చోబోతుంటే చెయ్యి అడ్డుపెట్టారు.

"ఆగండి సార్. వందేళ్లు దాటిన వస్తువు మీద ఎవరూ కూర్చోకూడదు. ఆ రూలు పెట్టించింది మీరే కదా?"

సారే. వయసులో ఉన్నప్పుడు, ఓ సందర్శకుడు రాతి సింహం మీదెక్కి అరటిపండు తింటుంటే చూసి, పట్టుబట్టి పెట్టించారు.

"దీనికి వందేళ్లు ఎక్కడివండీ?"

"అది నిపుణుడు తేల్చాలి. మన శాఖలో నిపుణుడు ఒక్కరే."

"ఎవరు?"

"మీరే."

సారుకి ప్రాణం లేచొచ్చింది. 'యాభయ్యేళ్లు' అని ఒక్క అబద్ధం ఆడితే చాలు. మోకాళ్లు రెండూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి. ఊరికే అనేస్తే బాగుండదని, మర్యాదకి కుర్చీ కిందికి ఓసారి తొంగిచూశారు.

అదే కొంప ముంచింది.

కింద ఒక్క మేకు లేదు. అన్నీ చెక్క చీలలు. వాటి పక్కన పాతకాలపు బాడిసతో చెక్కిన గుర్తులు, నిన్న చెక్కినంత స్పష్టంగా. సారు మోకాళ్ల సంగతే మరిచిపోయి నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేశారు.

"అధికారిగారూ, ఇలా వంగండి. ఈ పనితనం చూశారా? నూట పన్నెండేళ్లు. వందకి తక్కువైతే మీసం తీసేస్తాను."

మాట కుర్చీ కింద నుంచి బయటికొచ్చాక గానీ, తానేమన్నారో సారుకి వినపడలేదు.

"గొప్ప ఆవిష్కరణ సార్. అభినందనలు," అన్నారు అధికారి.

"మరి నాకు ఇంకో కుర్చీ?"

"డైరెక్టరుకి ఒకటే కుర్చీ. ఉందిగా."

"కూర్చోకూడదన్నారుగా?"

"కూర్చోకూడదన్నాను. లేదనలేదు."

అయిదు కొట్టింది.

కుర్చీ పెద్ద హాల్లో గద్దె ఎక్కింది, చుట్టూ ఎర్రతాడుతో సహా. సారుని తిరిగి గోతిలోకి పంపుదామంటే మోకాళ్లు వెళ్లేలా లేవు. బాగా ఆలోచించిన మీదట, కుర్చీ గురించి తెలిసినవారే దానికి కాపలా ఉండటం మేలని శాఖ తీర్మానించింది.

"అంత చదివి, అన్ని తవ్వి, చివరికి కుర్చీకి కాపలానా?" అంది భార్య.

"కాపలావాడికి స్టూలిస్తారు," అన్నారు సారు.

ఇచ్చారు. చెక్కది, పాతది. రోజూ పొద్దున్నే వెళ్లి దాని మీద హాయిగా కూర్చుంటున్నారు. దాని కింద ఏముందో మాత్రం ఇంతవరకూ వంగి చూడలేదు.