జీపులో నిప్పు మింగిన దొంగ

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఆ పల్లికాయల చాట కూడా ఇటే లాక్కో, ఒలుస్తూ విందువుగాని. సిరోంచలో అప్పట్లో ఒక మహా మేధావి ఉండేవాడు. ఆ సంగతి ఊరికి చెప్పింది కూడా అతనే. పేరు బుచ్చన్న. చదివేది డిటెక్టివ్ పుస్తకాలు, చేసేది అన్నల వరిచేనుకు కాపలా. చంద్రపూర్ పోయి మంచి అట్ట మీద కార్డులు అచ్చు వేయించుకున్నాడు: "బుచ్చన్న, అపరాధ పరిశోధకుడు. చీమ తుమ్మినా చెప్పగలడు." ఆ కార్డు అందని మనిషి ఊళ్లో లేడు.

ఒకరోజు పొద్దున రామనాథం సేటు జీపు మొరాయించింది. మిరపకాయ బస్తాలతో చామోర్షి బజారుకు పోవాల్సిన బండి. డ్రైవర్ సమ్మన్న బండి ముక్కులో హ్యాండిల్ పెట్టి తిప్పి తిప్పి చెమటతో తడిసిపోయాడు.

"పొద్దు నడినెత్తికి వచ్చేకల్లా బండి కదలాలె. లేకుంటే తాళంచెవి మా బామ్మర్దికిచ్చుడే" అన్నాడు సేటు.

సమ్మన్నకు అన్నం తెచ్చిన అతని భార్య మల్లక్క ఆ మాట విని గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఆ బామ్మర్ది కన్ను ఎప్పటినుంచో ఈ కొలువు మీదే ఉందని ఆమెకు తెలుసు.

అప్పుడు ప్రత్యక్షమయ్యాడు బుచ్చన్న, తలకు పట్టించిన ఉసిరి నూనె చెంపల మీదికి కారుతుండగా.

"ఎవరూ కదలొద్దు. ఇది కుట్ర."

"బండే కదుల్తలేదు, మేమెక్కడ కదుల్తం" అన్నాడు సమ్మన్న.

"శవం ఏది?"

"శవమేంది మరిదీ, జీపు" అంది మల్లక్క.

"మరి సచ్చింది ఎవలు?"

"ప్లగ్గుల నిప్పు" అని సమ్మన్న ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూపించాడు. "గివి పాయింట్లు. రెండు చిన్న పెదవులనుకో. కలిసినప్పుడు కాయిల్‌ల కరెంటు నిండుతది. విడిపోంగనే కాయిల్ ఎగిరిపడి ప్లగ్గుకు నిప్పు తోల్తది. ఇయ్యాల విడిపోతున్నయి గని నిప్పు పుడ్తలేదు."

బుచ్చన్న కళ్లు మెరిశాయి. "కలిసిన్రు, విడిపోయిన్రు, కాయిల్‌కు కోపమొచ్చింది. ఇది ప్రణయ రహస్యం. ఈ ఇద్దరికీ గ్యాప్ ఎప్పటి సంది?"

"గ్యాప్ ఉండాలె తమ్మీ. అట్ట మందం ఉంటేనే టైమింగ్ సక్కగుంటది."

"టైమింగా. రాత్రి నీ టైమింగ్ ఏంది? ఎక్కడున్నవు?"

"ఇంట్ల పన్న."

"సాక్ష్యం?"

"గురక" అంది మల్లక్క. "వాడకట్టంత వచ్చి చెప్తరు."

బుచ్చన్న అదేమీ వినలేదు. "సేటూ, నిప్పు మింగింది డ్రైవరే" అని తేల్చేశాడు.

సేటు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యి సమ్మన్నా."

మల్లక్క అన్నం గిన్నె కింద పెట్టేసింది.

"జర ఆగున్రి. విచారణ అయ్యేదాక ఈ సాక్షులిద్దరు ఒకలతోని ఒకలు మాట్లాడొద్దు" అని బుచ్చన్న తన కార్డు తీసి ఆ పాయింట్ల మధ్యలో దూర్చాడు.

సేటుకు ఒళ్లు మండింది. "నా బండి నీ కార్డుల డబ్బానా?" అంటూ దాన్ని సర్రున లాగి నేలకేసి కొట్టాడు.

మల్లక్క ఆ కార్డు తీసి చూసింది. అట్ట మీద నల్లటి జిడ్డు చార. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది ఇంజన్ నూనె కాదు. ఉసిరి నూనె."

అందరూ బుచ్చన్న తల వైపు చూశారు.

"నిన్న ఈ బండి కాడ ఏం చేసినవు మరిదీ?"

"మూత తీసి, ఏలు పెట్టి పరీక్ష చేసిన" అన్నాడు బుచ్చన్న ఠీవిగా. "నేరం జరగకముందే నేరస్థలం చూసేటోడే అసలు డిటెక్టివ్."

సమ్మన్న మూత బిగించి హ్యాండిల్ తిప్పాడు. పాయింట్ల మీద కరెంటుకు అడ్డుపడ్డ జిడ్డంతా కార్డు తుడిచేసింది కదా, జీపు ఒక్క తిప్పుకే లేచింది. తాళంచెవి కోసం చాపిన సేటు చెయ్యి ఇప్పుడు తల గోక్కుంది.

"చెప్పిన గదా, దోషిని పట్టిస్తనని" అని బుచ్చన్న ఆ చేతిలో ఇంకో కార్డు పెట్టాడు.

తర్వాత చూస్తే ఆ అట్ట మందం పాయింట్ల గ్యాప్‌కు కొలిచినట్టు సరిపోయింది. ఆ మాట అహేరి దాకా పాకింది. గ్యాప్ సరిచూసుకోడానికి డ్రైవర్లు బండ్లు ఆపి మరీ, "అన్నా, ఒక కార్డియ్యరాదా" అని వచ్చేవాళ్లు.

"ఏం కేసు?" అని అడిగేవాడు బుచ్చన్న గొంతు తగ్గించి.

"జర రహస్యం అన్నా."

ఆ మాటకే మురిసిపోయి నాలుగు కార్డులు ఎక్కువ ఇచ్చేవాడు.

ఇది మరిచిపోకు బిడ్డా, నీ పిల్లలకూ చెప్పు. బుచ్చన్న మనవలెవరైనా వింటుంటే మాత్రం, ఆ కార్డులన్నీ కేసులకే పోయాయని చెప్పు.