పత్తినూనె బస్సులో నూనె

మంత్రి కోటిరత్నం గారి బస్సు గుంటూరు మిర్చి యార్డు గేటుకు అడ్డంగా ఆగిపోయి అరగంటైంది. వెనక మిర్చి టిక్కీ బస్తాల లారీలు కనుచూపు మేర హారన్లు కొడుతున్నాయి.

అది మామూలు బస్సు కాదు. డీజిల్లో ఇరవై శాతం పత్తిగింజల నూనె కలుపుకుని వంద రోజులుగా ఒక్కసారి కూడా మొరాయించని బస్సు. వందో రోజు వేడుకకు విలేకరులమైన మాతో పాటు మంత్రిగారే ఎక్కారు.

ఆమె చెక్కుచెదరలేదు. మైకు అందుకుని, "బస్సు ఆగలేదు. రైతన్న గుమ్మం ముందు గౌరవంగా నిలబడింది" అని ప్రకటించారు. మేం రాసుకున్నాం.

పథకం డైరెక్టర్ శివరామకృష్ణ గారు అంతకంటే చురుకైన మనిషి. డ్రైవర్ బాజీని అక్కడికక్కడే సస్పెండ్ చేస్తూ కాగితం రాసేశారు. కారణం రాయాల్సిన చోట మాత్రం ఖాళీ వదిలారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతానని, కారణమేదో తేలాక సంతకం పెట్టమని బాజీ బతిమాలాడు. ఆయన పెద్దమనసుతో ఒప్పుకుని మెకానిక్ ఖుర్షిదాను పిలిపించారు.

ఆమె ఫిల్టరు విప్పి, వేళ్లతో నలిపి, వాసన చూసింది.

"జిగురు పట్టేసింది సార్. ఇందులో నూనె ఉంది."

డైరెక్టర్ గారి ముఖం పాలిపోయింది. "సరిగ్గా చూడమ్మా. ఈ బస్సులోకి నూనె ఎలా వస్తుంది?"

"పత్తినూనె బస్సే కదా సార్."

"అది పథకం. నేనడిగేది ట్యాంకు సంగతి."

మాట మంత్రి కోటిరత్నం గారి చెవిన పడింది. ఆమె వెంటనే ఇందులో కుట్రను పసిగట్టారు. నూనె పోసినవాళ్లు ఎంతటివాళ్లైనా సాయంత్రానికి పదవిలో ఉండరని మైకులో ప్రమాణం చేశారు. లారీల వాళ్లు కూడా హారన్లు ఆపి విన్నారు. డైరెక్టర్ గారు ఖాళీ చోట 'నూనె కలిపినందుకు' అని నింపి, కాగితం బాజీ చేతికిచ్చారు.

బాజీ రెండుసార్లు చదువుకున్నాడు.

"నేను కలపలేదండి. సార్ చెప్పినట్టు వంద రోజులూ ఉత్త డీజిలే కొట్టించా. ప్రారంభోత్సవం నాడు పూజకని కొన్న డబ్బా ఒకటుంది. పసుపు కుంకుమా పెట్టి అట్టాగే ఉంచాం. పొద్దున నల్లపాడులో ఫొటో కోసమని దాన్ని ట్యాంకులో ఒంపేశారండి. నేను వద్దనేలోపే అయిపోయింది."

"ఎవరు? భయపడకుండా పేరు చెప్పు" అంటూ మంత్రిగారు మైకు అతని నోటి దగ్గర పెట్టారు.

"కోటిరత్నం గారండి" అన్నాడు బాజీ.