మార్జాల వంశ సవరణ

ఆ గురువారం ఉదయం యతిరాజులుగారి సంకల్పం చాలా చిన్నది. స్నానసంధ్యలు ముగించుకొని, తాము రచించిన పిల్లి కావ్యాన్ని మనుమరాలు రాగిణి చేత ఒక్కసారి చదివించుకొని, పదకొండు గంటలకు అచ్చుకు పంపడం. చూలైలోని బడిలో ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రమించిన ఆయనకు డెబ్బైయారో ఏట రానున్న తొలి పుస్తకమది. వీధి చివరి భజన మందిరం ధర్మకర్త గోవిందసామి ఆదివారం దానిని మందిరంలో ఆవిష్కరించి పిల్లలకు పంచుతానని మాట ఇచ్చాడు.

పశువైద్యం చదువుతున్న రాగిణి మొదటి పద్యం దగ్గరే ఆగిపోయింది.

"తాతా, నీ హీరో మూడు రంగుల మగపిల్లా? ఛాన్సే లేదు."

"త్రిమూర్తుల గుర్తుగా పెట్టినానమ్మా. నలుపు, తెలుపు, కాషాయం."

"తెలుపు సరే. కాషాయమా నలుపా అనేది ఎక్స్ క్రోమోజోములో ఉంటాది. మగదానికి అది ఒకటే, కాబట్టి ఏదో ఒక రంగే. రెండూ కావాలంటే ఆడదై ఉండాల. వేలల్లో ఒక మగది అట్ట పుడతాది గానీ దానికి పిల్లలు కలగవు. నువ్వేమో దానికి పన్నెండు పిల్లల్ని పుట్టించినావు."

"మరి ఆడదానికి ఏ మచ్చ యాడ రావాలో ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు తాతా. తల్లి కడుపులో ఉండేటప్పుడే ఒక్కో కణమూ తన రెండు ఎక్సుల్లో ఒకదాన్ని నిద్రపుచ్చేస్తాది. నల్లది నిద్రపోతే ఆ చోట కాషాయం. ఒకదాని మచ్చలు ఇంకోదానికి రానే రావు."

యతిరాజులుగారు కళ్ళజోడు తీసి చేతులు జోడించారు. వెలుతురు చొరని గర్భంలో, ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని కణం, తనలో ఏది మేలుకోవాలో ఏది నిద్రించాలో తీర్మానించుకొంటున్నది. ఒక పిల్లి మీద వేసిన చిత్రాన్నే మరో పిల్లి మీద వేయడానికి పైనున్న చిత్రకారుడు ఇష్టపడడం లేదు. ఇన్నాళ్ళూ వాకిట్లో పిల్లులను అదిలించి తరిమిన చేతులివి. ఆయన ఆ చేతులతోనే కలం తీసి నాయకుణ్ణి నాయికగా మార్చారు.

"ఇంకోటి తాతా. ఏడు తరాలుగా తండ్రి కాషాయమే కొడుక్కి వచ్చిందని రాసినావే, అది రాదు. మగపిల్లికి ఆ రంగు అమ్మ ఇస్తేనే."

కావ్యంలో వంశాన్ని తండ్రుల వరుసలో కాక వేరే విధంగా చెప్పవచ్చునని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఏడుగురు తాతలను కొట్టివేసి ఏడుగురు అవ్వలను నిలపవలసి వచ్చింది. పేర్లు దొరకలేదు. వంటింట్లోంచి భార్య అలివేలుమంగ అందుకొంది.

"మా అమ్మ వైపు ఏడు తరాలు నాకు నోటికొచ్చు. యాభై ఏండ్లల్లో ఒక్కసారన్నా అడిగినారా?"

ఆమె చెబుతుంటే ఆయన శ్రద్ధగా రాసుకొన్నారు. తన అవ్వల పేర్లన్నీ పిల్లులకు పెడుతున్నారని ఆమెకు తెలిసేసరికి సీసపద్యం పూర్తయింది.

తరువాత, రహస్యాలు పొంచి వినే వేగుపిల్లి వంతు వచ్చింది. తెల్లని ఒళ్ళు, నీలికళ్ళు. అటువంటి పిల్లుల్లో చాలావాటికి పుట్టుచెవుడని రాగిణి చెప్పింది. వేగుకు అప్పటికప్పుడు బూడిదరంగు చారలు మొలిచాయి. చివరి ఆశ్వాసం దగ్గర మాత్రం ఆమె గొంతు తగ్గించింది.

"ధనుర్మాసంలో పిల్లి చక్కెరపొంగలి వదిలేసే సీను... తాతా, పిల్లి నాలుకకి తీపే తెలీదు."

ఆయన కలం కింద పెట్టారు. కావ్యానికి ప్రాణమైన త్యాగం అది. తెలియని రుచిని వదలడం త్యాగమెలా అవుతుంది? భగవంతుడు ఈ జీవికి మాధుర్యాన్నే తెలియనివ్వలేదు. అయినా దాని నడకలో ఎంత ఠీవి!

"మరి దేన్ని వదిలితే త్యాగం?"

"చేప."

ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇల్లది. చేపను గురించి అడగడానికి ఆ వీధిలో దిక్కు చేపలమ్మే మునియక్క ఒక్కతే. పది గంటలకు ఆమె చేపల బుట్టతో రాగానే ఆయన కాగితం పట్టుకొని అరుగు దిగారు.

"మునియక్కా, పిల్లి ప్రాణం పెట్టే చేప ఏది?"

"నెత్తళ్ళు సామీ. పిల్లేంది, మనిషే ప్రాణం పెడతాడు. అరకిలో వెయ్యనా?"

"వద్దమ్మా. వాసన ఎట్టుంటాదో తెలిస్తే చాలు. కొంచెం దగ్గరికి పట్టు."

ఆయన బుట్టలోకి వంగి, కళ్ళు మూసుకొని, దీర్ఘంగా శ్వాస పీల్చిన క్షణంలోనే, మందిరం నుంచి ఇంటికి పోతున్న గోవిందసామి కంట పడ్డారు.

పావుగంటలో గోవిందసామి యతిరాజులుగారి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆదివారం సభ వద్దులెండి పండితులుగారూ. మందిరంలో మాంసం ముట్టనోళ్ళ పుస్తకమే పెట్టాలని మా నాయన కాలం నుంచీ రూలు."

"ఆ చేప నాకు కాదు గోవిందసామీ, పిల్లికి."

"మీ ఇంట్లో పిల్లి యాడుండాది?"

"కావ్యంలో," అన్నారు యతిరాజులుగారు. తన మాట తనకే సాకులాగా వినిపించింది. పద్నాలుగేళ్ళ రచన గుమ్మం దాటకుండానే ఆగిపోతున్నదని అర్థమై, అప్పుడే తిరగరాసిన, సిరా ఆరని చివరి కాగితాన్ని అందించారు.

గోవిందసామి నిలబడే చదివాడు. ఏకాదశినాడు, ఆకలితో కడుపు వెన్నుకంటుకొన్న తల్లిపిల్లి, దొరికిన నెత్తళ్ళను తాను ముట్టక, ఒక్కొక్క ముల్లూ ఏరి, కుంటికుక్క ముందు పెట్టి, గోపురం వైపు తిరిగి కూర్చుంటుంది. చదువుతూ చదువుతూ ఆయన కూర్చున్నాడు. కండువాతో కళ్ళు ఒత్తుకొన్నాడు. మళ్ళీ చదివి తల అడ్డంగా ఊపాడు.

"పద్యం బంగారం. కానీ ఈడ ఒక తప్పుండాది. నెత్తళ్ళకి ముల్లు ఏరేదేముంది పండితులుగారూ? అంత మెత్తన. వేపుడు చేస్తే తలతో సహా కరకరమని పోతాది. ముల్లు ఏరాల్సింది సంకరా చేపకి, అదీ పులుసులో..."

గోవిందసామి నాలుక కరుచుకొన్నాడు. రాగిణి కిటికీ వైపు తిరిగింది. అలివేలుమంగ మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

గోవిందసామి గ్లాసు ఖాళీ చేసి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు. "ఆదివారం ఆరుగంటలకి సభ. రూలు సంగతి నేను చూసుకుంటా."

పద్యాన్ని ఆయన చెప్పినట్లే సవరించి పదకొండింటికి అచ్చుకు పంపారు. కృతజ్ఞతలలో ఆ సవరణ ప్రస్తావన ఉండకూడదని మాత్రం గోవిందసామి రెండుసార్లు మనిషిని పంపాడు.